రాళ్ల జహీర్ పెట్టిన కోత ముహూర్తం

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో అతన్ని రాళ్ల జహీర్ అనేవాళ్లు. నగల్లో రాళ్లు పొదగడం అతని పని. నాది అదే వీధిలో వెండి పట్టీల అంగడి కాబట్టి అతన్ని రోజూ చూసేవాణ్ని. పనికి వంక పెట్టడానికి లేదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. వంకంతా మనిషిలోనే. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నంతసేపూ రాయి తప్ప ఇంకేమీ పట్టేది కాదు. భూతద్దం తీశాడంటే మాత్రం ఊళ్లో తనకు తప్ప ఎవరికీ కళ్లు లేవన్నట్టు మాట్లాడేవాడు. షావుకారు గుడ్డివాడు, పక్కన కూర్చున్న పనివాడు గుడ్డివాడు, నగ కొనడానికి వచ్చినవాళ్లు పుట్టుగుడ్డివాళ్లు.

ఒకసారి బంధువుల పెళ్లిలో, బిర్యానీ పళ్లేల మధ్యన కూర్చుని, పెళ్లికొడుకు వేలివైపు చూసి, "అది పచ్చ కాదు, సోడాబుడ్డి పెంకు" అన్నాడు. పిల్లనిచ్చిన మామ ముచ్చటపడి తొడిగిన వెండి ఉంగరం అది. రెండు వైపుల వాళ్లూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. ఆ తర్వాత జహీర్‌ని ఎవరూ పెళ్లికి పిలవలేదు. తన కంటికి జడిసి పిలవడం లేదని అతను చెప్పుకున్నాడు.

భార్య ఖమ్రున్నీసా ఇంట్లో సమోసాలు చేసి టీ అంగళ్లకు వేసేది. వాళ్లింట్లో మాటలన్నీ ఉర్దూలోనే నడిచేవి, నేను తెలుగు చేసి చెప్తున్నాను. ఆమె నోటికి ఏ భాషైనా ఒకటే. "నీ కన్ను గొప్పదేలే. ఆవగింజంత రాయిలో గీత ఆనుతాది. ఖాళీ అయిన నూనె డబ్బా మాత్రం ఆనదు" అనేది.

మిషన్ల మీద చేసిన నగలు పెట్టెలు పెట్టెలుగా దిగడం మొదలయ్యాక చేతిపని పడిపోయింది. పని లేదని షావుకారు మర్యాదగానే చెప్పాడు. "నువ్వు గుడ్డోనివి కాబట్టే నీకు మిషన్ పని బాగుంది" అని జహీర్ అనేసి వచ్చాడు. అప్పటినుంచి టీ అంగడి బల్ల మీద కూర్చుని, దారిన పోయే ఆడవాళ్ల కమ్మల్లో రాళ్లకు తీర్పులిస్తూ పొద్దుపుచ్చేవాడు. ఆ తీర్పులు ఎవరూ అడగలేదు.

ఆ బల్ల దగ్గరికే ఈశ్వర్ వచ్చాడు.

ఈశ్వర్ పులివెందుల దాపున అరటి తోట ఉన్న లక్ష్మయ్య కొడుకు. తాతల నాడు గొర్రెలు మేపిన ఇల్లు వాళ్లది. లక్ష్మయ్య బోరు వేసి, అరటి పెట్టి, ఒళ్లు హూనం చేసుకుని నిలదొక్కుకున్నాడు. కొడుకును బెంగుళూరులో ఇంజనీరింగ్ చదివించాడు. ఆ కొడుకు ఉద్యోగాలు మార్చీ మార్చీ, చివరికి తోటకే తిరిగొచ్చాడు. తోటలో ఒళ్లు వంచడానికి కాదు, తోటకు ఆలోచనలు ఇవ్వడానికి. ఆ ఆలోచనలన్నీ ఫోన్‌లో పుట్టేవి, ఛార్జింగ్ అయిపోతే ఆగిపోయేవి.

ఆరోజు అతను భూతద్దం కొనడానికి మా వీధికి వచ్చాడు. కొని, అంగడి ముందరే కంటికి పెట్టుకుని తన వేలిగోరు చూసుకోబోయాడు. రెప్ప కొట్టుకుంటోంది, చెయ్యి ఊగుతోంది, ఏదీ నిలకడగా ఆనడం లేదు. టీ బల్ల మీది నుంచి నవ్వు వినిపించింది.

"అది నీతో అయ్యేది కాదులే అప్పా. చూడనీకి వచ్చినోన్ని యాడన్నా పెట్టుకో" అన్నాడు జహీర్.

"నీకు వస్తాదా మామా?"

"ఈ వీధిలో చూసేది నేనొక్కన్నే. మిగతావాళ్లు ఊరికే కండ్లు తెరుచుకోని ఉండారు."

ఈశ్వర్‌కు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే. బైకు మీద ఎక్కించుకుని తోటకు తీసుకుపోయాడు.

తోట కొసన, ముసలి అరటి తీసేసిన ఒక చెక్క నేలలో, చుట్టూ అరటి ఆకులు గోడ కట్టిన చోట, మనిషి ఎత్తు మొక్కలు పూత మీద ఉన్నాయి. జహీర్ ఆకు చూడగానే ఆగిపోయాడు.

"ఇది గంజాయి గదప్పా."

"అది పాతకాలం మాట మామా. బయట దేశాల్లో ఇది మందు. మన దగ్గర గూడా రేపో మాపో పర్మిషన్ ఇస్తారు."

ఆ రేపు ఏ సంవత్సరంలో వస్తుందో ఈశ్వర్ చెప్పలేదు. జహీర్ అడగలేదు. వాళ్లిద్దరూ ఆ తర్వాత అన్నన్ని రోజులు మాట్లాడుకున్నారు గానీ, అడగాల్సిన ఆ ఒక్క మాటా ఎవరూ అడగలేదు.

ఈశ్వర్ ఒక పూగుత్తిని వంచి పట్టుకుని, ఫోన్‌లో నేర్చుకున్నదంతా ఒప్పజెప్పాడు. "శనగ చేన్లో నడిస్తే కాళ్లు మండుతాయి చూడు మామా, ఆ పులుసు యాడిది? మొక్క ఒంటి మీద నూగు ఉంటాది, దాంది. దీనికీ అట్లాంటి నూగే ఉంటాది. ట్రైకోమ్ అంటారు. ఫస్టు చిన్న బొబ్బ మాదిరి లేస్తాది. మళ్ల దానికి కాడ వస్తాది, కాడ మీద తలకాయ వస్తాది, గుండుసూది మాదిరి. సరుకంతా ఆ తలకాయలోనే ఊరేది. కోత ఎప్పుడనేది దాని రంగే చెప్తాది. మొదట అద్దం మాదిరి ఉంటాది, అప్పుడు పచ్చి. మళ్ల పాలు కలిపినట్ల అయితాది. మళ్ల తేనె రంగుకు తిరుగుతాది. తేనె ముదిరిందా, సత్తువ దిగిపోతాది. తలకాయలు గూడా రాలిపోతాయి. ఆ రంగు చూసి చెప్పేదే నీ పని."

జహీర్ భూతద్దం బిగించుకుని వంగాడు.

చాలాసేపు లేవలేదు. ఆకు అంచు పొడుగునా, పూరేకుల వంటి చిన్న ఆకుల మీద, సన్నని గాజు కాడలు నిలబడి ఉన్నాయి. ఒక్కో కాడ కొసన ఒక్కో నీటిబొట్టు లాంటి తల. ఎండ పడినవాటిలో ఎండ, పచ్చ పడినవాటిలో పచ్చ. ఒకదానికొకటి తగలకుండా, ఒక్కటీ వంకర లేకుండా.

"ఎవడు పొదిగినాడప్పా ఇవి!" అన్నాడు.

బతుకులో అతను ఇంకొకరి పని మెచ్చుకున్నది అదొక్కసారే. అది మనిషి పని కాదు కాబట్టి మెచ్చుకోగలిగాడని నా అనుమానం.

ఆ పొద్దు నుంచి జహీర్ పులివెందుల బస్సుకు అలవాటు పడ్డాడు. పాత వీధిలో మళ్లీ ఛాతీ విరుచుకుని నడవసాగాడు. "యాడికి పోతాండావు?" అంటే, "నా కన్నుతో పనుండాది" అనేవాడు. ఈశ్వర్ చెప్పిన అద్దం, పాలు, తేనె అనే మాటలు అతనికి నచ్చలేదు. అవి వంటింటి మాటలట. అద్దానికి స్ఫటికమనీ, పాల రంగుకు చంద్రకాంతమనీ, తేనె రంగుకు గోమేధికమనీ పేర్లు పెట్టాడు. ఏ గుత్తిలో ఎంత స్ఫటికం, ఎంత చంద్రకాంతం అని మొక్క మొక్కకూ తిరిగి చెప్పేవాడు. ఈశ్వర్ చేతులు కట్టుకుని వినేవాడు. జైలు పంట పక్కన నిలబడి ఒకడు పాఠం చెప్పడం, ఒకడు తలూపడం. ఇంజనీరింగ్ కాలేజీలో ఆ శ్రద్ధ సగం చూపించినా లక్ష్మయ్య ఖర్చుకు న్యాయం జరిగేది.

వాళ్లిద్దరికీ పట్టని సంగతి ఒకటుంది. పూత పండేకొద్దీ ఆ చెక్క కంపు కొట్టసాగింది. ఆసిడ్ పొగలో బతికిన మనిషి జహీర్. అతని ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది, మల్లెపువ్వూ మురికికాలవా ఒకటే దానికి. ఈశ్వర్ పొద్దస్తమానం అందులోనే ఉండి ఆ వాసనకు మొద్దుబారిపోయాడు. లక్ష్మయ్యకు మోకాళ్ల నొప్పులు, తోట కొసకు పోయేవాడు కాదు. గాలి తిరిగినప్పుడు వాసన వస్తే, తోటలో పునుగుపిల్లి చేరిందనుకున్నాడు. ఆ చెక్కలో ఏముందని ఒకసారి కొడుకును అడిగితే, "మందుల కంపెనీ పంట నాయనా" అన్నాడు. చదువుకున్నోడు చెప్పాడని నమ్మాడు.

పాల రంగు బాగా దిగిన రోజున గొడవ మొదలైంది.

"ఇంక కోసేద్దాం మామా. సరుకు కొనే బెంగుళూరోళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు."

"నువ్వు పెద్ద ఆకు మీదివి చూసి ఎగుర్తాండావు. పూత మీదివి చూడు. ఇంగా స్ఫటికం మిగిలుండాది."

కొన్నాళ్లకు స్ఫటికం పోయింది. అయినా జహీర్ కొయ్యనివ్వలేదు. "గోమేధికం దిగనీ. చెట్టుకు పది తలకాయలన్నా ఆ రంగుకు తిరగనీ. పండకముందే పీకేటోడు బేరగాడు, పనోడు కాదు."

"సత్తువ పోతాది మామా!"

"సత్తువ నీ ఫోన్‌కు తెలుసా, నా కంటికి తెలుసా?"

అందం కోసం ఆపుతున్నానని అతను అనుకున్నాడు. కోత పడిన మరుసటి రోజు తన కంటితో ఎవరికీ పని ఉండదని, మళ్లీ టీ బల్లే గతి అని కూడా అతనికి తెలుసు. రెండో కారణం ఎప్పుడూ బయటికి అనలేదు.

ఇంటి దగ్గర ఖమ్రున్నీసా ముక్కు బాగానే పనిచేసేది. ఒకరోజు ఉతకడానికి అతని చొక్కా తీసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంది ఈ కంపు?"

"అరటి తోట కంపు."

"అరటి తోట ఇట్ల కొడితే కోతులు గూడా రావు."

చొక్కా చేతి అంచున జిగురు పట్టిన చోట గోటితో గీకి వాసన చూసింది. సినిమాహాలు వెనక నుంచి సమోసాల గంప మోసుకుపోయే మనిషి ఆమె. అక్కడ గోడవారగా కూర్చుని కుర్రాళ్లు తాగేదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"గంజాయి తోటకా నువ్వు పోతాండేది?"

జహీర్ బొంకలేదు. బొంకడానికి కూడా కాస్త భయం ఉండాలి. కళ్లు మెరుస్తుండగా గాజు కాడల గురించి, బొట్ల గురించి, మూడు రంగుల గురించి ఆమెకు చెప్పుకొచ్చాడు. ఆమె నడుమున చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నది.

"అయిపోయిందా?"

"నేను పండిస్తాండానా, అమ్ముతాండానా? చూసి చెప్తాండా, అంతే గదా."

"దొంగోనికి దీపం పట్టినోడు గూడా అదే చెప్తాడు" అన్నది ఖమ్రున్నీసా.

మర్నాడు అతను బస్సెక్కాక, పిండి కలపడం మానేసి, బురఖా వేసుకుని తర్వాతి బస్సుకు ఆమె కూడా పులివెందులకు పోయింది. అడుగుతూ అడుగుతూ లక్ష్మయ్య తోట పట్టుకుంది. గెలల బరువుకు వంగిన చెట్లకు ఆయన ఊతకర్రలు కడుతున్నాడు.

"ఎవరమ్మా నువ్వు? ఎవరు కావల్ల?"

"మా ఇంటాయన మీ తోటలో పనిచేస్తాండాడు పెద్దాయనా. ఏం పనో నీకు తెలుసా?"

"మావాడు పెట్టుకున్నాడంట, మందుల కంపెనీ పంటకు."

"ఈ కంపు వస్తాంది గదా, ఇదేమనుకుంటాండావు?"

"పునుగుపిల్లిలేమ్మా. వారం పది దినాల నుంచి తిరుగుతాంది."

"పిల్లి కాదు పెద్దాయనా. గంజాయి. నీ భూమిలో, నీ పేరు మీదుండే భూమిలో."

లక్ష్మయ్య చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. కుంటుకుంటూ తోట కొసకు నడిచాడు. ఖమ్రున్నీసా వెనకే పోయింది. అక్కడ కొడుకూ, భూతద్దం మనిషీ ఒక గుత్తిని చెరో వైపు పట్టుకుని రంగు మీద వాదులాడుకుంటున్నారు. వాళ్లకు మనుషులు వచ్చిన అలికిడి కూడా తెలియలేదు.

"ఇదేనా కంపెనీ పంట?" అన్నాడు లక్ష్మయ్య.

ఈశ్వర్ ఉలిక్కిపడి గుత్తి వదిలేశాడు. "నాయనా, నువ్వు కోప్పడాకు, చెప్తా విను. దీని మీద ట్రైకోమ్ అని..."

లక్ష్మయ్య వినలేదు. వెనక్కి తిరిగిపోయాడు. కాసేపటికి ట్రాక్టర్ శబ్దం వినిపించింది. మోకాళ్లు వంగవని ఏడాదిగా మంచం దిగేటప్పుడల్లా మూలిగే మనిషి, ఆరోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ట్రాక్టర్ ఎక్కాడు. వెనక రోటవేటర్ తిరుగుతోంది. కోత ఎప్పుడని వాళ్లిద్దరూ అన్ని రోజులు కొట్టుకున్న ప్రశ్నకు ఆయన మొదటి సాలులోనే జవాబు చెప్పాడు.

ఈశ్వర్ గట్టు మీదికి ఎగిరి తప్పుకున్నాడు. జహీర్ మాత్రం చేతులు చాపుకుని ట్రాక్టర్ ముందుకు పరుగెత్తాడు.

"పెద్దాయనా, ఒక్క వారం ఆగు! గోమేధికం దిగతాంది!"

"దిగనీ. భూమిలోకి దిగనీ" అన్నాడు లక్ష్మయ్య. "పక్కకు జరుగుతావా, నిన్ను గూడా కలిపి దున్నల్లా?"

జహీర్ జరిగాడు. చెక్కంతా నల్లటి, పచ్చటి ముద్ద అయ్యేదాకా లక్ష్మయ్య అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దున్నాడు. జహీర్ గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఖమ్రున్నీసా అతని ముందు నిలబడి చూసింది.

"మీ అమ్మ పోయినప్పుడు గూడా ఇంత ఏడ్వలేదు నువ్వు" అన్నది.

తిరుగు బస్సులో ఆమె ఆడవాళ్ల సీటులో కూర్చుంది. అతన్ని వెనక్కి పొమ్మంది.

కథ అక్కడితో ఆగితే అందరికీ మంచిదే. నెల తిరగక ముందే మైదుకూరు రోడ్డు మీద పోలీసులు ఒక కారు ఆపారు. అందులో దొరికిన సరుకు వేరే ఎక్కడిదో. కానీ దొరికిన బెంగుళూరు బేరగాడి ఫోన్‌లో ఈశ్వర్ పంపిన పూగుత్తుల ఫోటోలు ఉన్నాయి. పెద్ద చదువు చదివినవాడు, పంట వేసింది చాలక ఫోటోలు తీసి మరీ పంపాడు. పోలీసులు తోటకు వచ్చి చూస్తే ఆ చెక్కలో కొత్తగా నాటిన అరటి పిలకలు తప్ప ఏమీ లేవు. ఈశ్వర్‌ని స్టేషన్‌కు పిలిచారు. రోజూ బస్సు దిగి తోటకు పోయే ముసలాయన ఎవరని ఆరా తీసి, జహీర్‌నీ పిలిచారు.

స్టేషన్ బయట వేపచెట్టు కింద ఈశ్వర్ గుసగుసగా చెప్పాడు. "నీకేం తెలీదను మామా. పిలకలు నాటనీకి వచ్చినా అను. నేను మాట్లాడతా, నువ్వు గమ్మునుండు."

లోపల సి.ఐ. జహీర్‌ని పైనుంచి కిందికి చూశాడు. గడ్డం నెరిసిన మనిషి, అరిగిన చెప్పులు. "ఈయనెవరు?"

"కూలికి వచ్చేటోడు సార్. ఏం చదువుకోలేదు. పాపం, కండ్లు గూడా సరిగా ఆనవు" అన్నాడు ఈశ్వర్.

"సరేలే, ఈయన్ని పంపించండి" అన్నాడు సి.ఐ.

తలుపు తెరిచే ఉంది. బయట ఎండ, ఎదురుగా బస్టాండుకు పోయే ఆటోలు. నాలుగు అడుగులు వేస్తే చాలు. జహీర్ కదలలేదు.

"ఎవనికి ఆనవు కండ్లు?" అన్నాడు.

ఈశ్వర్ అతని చొక్కా పట్టి లాగాడు. జహీర్ ఆ చెయ్యి విదిలించుకున్నాడు.

"వీనికి ఆకు మీదిదానికి, పూత మీదిదానికి తేడా తెలీదు సార్. పాలు పాలు అని ఎగురుతాంటే, నేనే ఆపినా. మొక్క మొక్కకూ చూసి చెప్పింది నేను. నా కండ్లు ఆనవంట!"

సి.ఐ. తెలివైనవాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. "కూర్చో పెద్దాయనా. నాకు ఇవన్నీ తెలీవు, కొంచెం అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు. జహీర్ బొబ్బ లేవడం దగ్గర మొదలుపెట్టాడు. కాడ, తల, స్ఫటికం, చంద్రకాంతం, గోమేధికం. ఎన్ని మొక్కలున్నాయో, ఏ మూలవి ముందు పండాయో, బెంగుళూరు వాళ్లు ఎప్పుడు ఫోన్ చేశారో. పక్కన కానిస్టేబుల్ టైపు చేసుకుంటూ పోయాడు. ఈశ్వర్ తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. అంత శ్రద్ధగా తన మాట విన్నవాళ్లు ప్రొద్దుటూరులో ఎవరూ లేరని జహీర్ తర్వాత కూడా చెప్పుకునేవాడు.

ఇద్దరినీ కడప జైలుకు పంపారు.

లక్ష్మయ్యే లాయర్ని పెట్టాడు, ఇద్దరికీ కలిపి. మట్టిలో ఏమీ దొరకలేదని, స్టేషన్‌లో చెప్పిన మాట కోర్టులో నిలబడదని లాయరు ధైర్యం చెప్పాడు. "మీ ఆయన జడ్జి ముందర మళ్లీ అదంతా చెప్పకుంటే చాలమ్మా" అన్నాడట.

"నా భయం గూడా అదే సార్" అన్నది ఖమ్రున్నీసా.

బెయిలు రావడానికి నెలలు పట్టింది. ఈశ్వర్ బయటికి వచ్చి, ఒక ముసలాయన మాట విని చెడిపోయానని ఊళ్లో చెప్పుకుంటున్నాడు. అయితే ఇప్పుడు పొద్దున్నే లేచి అరటికి నీళ్లు కడుతున్నాడట. లక్ష్మయ్య కొడుకుతో పని మాటలు తప్ప మాట్లాడడట.

ప్రొద్దుటూరులో ఇంటి ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఖమ్రున్నీసా జమ్మలమడుగులో ఉండే చెల్లెలు గులాబ్‌బీ దగ్గరికి సామాను చేర్చింది. చెల్లెలి పెరట్లో రేకుల గది వేసుకున్నారు. గండికోటకు వచ్చే జనాన్ని చూసి, అక్కడ తోపుడుబండి పెట్టింది. సమోసాలు, మిరపకాయ బజ్జీలు. బండి ఆమెది, పొయ్యి ఆమెది, మాట ఆమెది. జహీర్ ఉల్లిగడ్డలు తరుగుతాడు. కోర్టు వాయిదా ఉన్న రోజున కడపకు తనే వెంటబెట్టుకుపోతుంది. దారిపొడుగునా నోరు తెరవొద్దని చెప్తూనే ఉంటుంది.

మొన్న చుట్టాలతో గండికోటకు పోయినప్పుడు చూశాను. మనిషి చిక్కాడు గానీ మాట చిక్కలేదు. లోయ అంచున ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డ జనం వైపు గడ్డం ఎగరేసి చూపించాడు.

"చూడప్పా వీళ్లను. అంత లోయ పెట్టుకోని, అరచేతిలో చూసుకుంటాండారు. గుడ్డోళ్లు."

"వాళ్ల సంగతి సరే" అన్నది ఖమ్రున్నీసా, బాణలిలో బజ్జీలు తిప్పుతూ. "తొడిమలు తీయమన్నానే, తీసినావా?"

జహీర్ తల వంచి మిరపకాయల గంప దగ్గరికి లాక్కున్నాడు. ఆమె నాకు కాగితంలో రెండు సమోసాలు పెట్టి ఇచ్చింది. బాగున్నాయని చెప్పాను. తెలుసన్నట్టు చూసి, వెనకున్నవాళ్లకు అడ్డం లేకుండా జరగమంది.